ఒకే ఇంట్లో ఎన్ని వర్గాలు?

మా వాళ్లలో ఎవరిని అడిగినా తాము మిడిల్ క్లాస్ అనే అంటారు. గాజువాక దగ్గర ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరై, కూర్మన్నపాలెంలో మేడ కట్టుకున్న పెదనాన్న అలాగే అంటాడు. అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద హెల్పర్‌గా పనిచేసిన నాన్న కూడా అలాగే అంటాడు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పెదనాన్న కొడుకుదీ, మిషను కుట్టి నా ఫీజులు కట్టిన అమ్మదీ, డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన డబ్బులు తీసుకునే నాదీ అదే జవాబు. ఇంటిపేరు ఒకటి, పెళ్లిళ్లకు పేరంటాలకు కలిసేది ఒకే చోట, కాబట్టి తరగతి కూడా ఒకటే అని అందరికీ ఒక నమ్మకం.

ఆంధ్రా యూనివర్సిటీలో సోషియాలజీ చదువుకున్నప్పటి నుంచి ఈ నమ్మకం నాకు కుదురుగా ఉండనివ్వలేదు. పుస్తకాల్లో వర్గం గురించి అరడజను సిద్ధాంతాలు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా మా ఇంటి మీద పెట్టి చూస్తే ఒక్కోటి ఒక్కో మనిషిని చూపిస్తుంది, ఇంకొకరిని దాచేస్తుంది. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. మనం ఎంత సంపాదిస్తున్నామో చూస్తే మన వర్గం తేలదు. మన బతుకు ఎవరి పనితో, ఎవరి అవసరంతో ముడిపడి ఉందో చూస్తేనే తేలుతుంది. అలా చూసినప్పుడు ఒక ఇంటి మనుషులు కూడా ఒకరికొకరు ఎదురుగా నిలబడి కనిపిస్తారు.

కథ తాతతో మొదలుపెట్టాలి. శ్రీకాకుళం జిల్లాలో ఆయనకు రెండెకరాల మెట్ట ఉండేది. అప్పుకు ఎకరంన్నర పోయాక విశాఖ వచ్చి పోర్టులో కళాసీ పనికి కుదిరాడు. 1933లో మొదలైన పోర్టు అది. మాంగనీసు ఖనిజం తట్టల్లో మోసి ఓడల్లోకి ఎక్కించేవాళ్లలో ఆయనొకడు. మార్క్స్ భాషలో చెప్పాలంటే చాలా సూటి కథ. సొంత నేల మీద పండించుకునేవాడు ఆ నేల పోగానే తన శ్రమశక్తిని అమ్ముకునేవాడయ్యాడు. ఉత్పత్తి సాధనాలు, అంటే నేల, యంత్రాలు, ఫ్యాక్టరీలు, ఎవరి చేతిలో ఉన్నాయి అన్నదే వర్గానికి కొలమానం. అవి ఉన్నవాళ్లు ఒకవైపు, లేనివాళ్లు ఒకవైపు. ఈ లెక్కన తాత, పెదనాన్న, నాన్న, డాలస్ అన్నయ్య, నేను అందరం ఒకే వర్గం. అందరం జీతగాళ్లమే.

ఈ జవాబులో బలం ఉంది. డాలస్ అన్నయ్యకు లేఆఫ్ భయం వచ్చినప్పుడల్లా, నాకు కొత్త విద్యా సంవత్సరంలో క్లాసులు ఇస్తారో లేదో తెలియనప్పుడల్లా, ఆ బలం నాకు తెలుస్తూనే ఉంటుంది. కానీ అది అక్కడితో ఆగిపోతుంది. మార్క్స్‌కు కూడా ఈ ఇబ్బంది తెలుసు. ఆయన పోయాక 1894లో సహచరుడు ఎంగెల్స్ అచ్చు వేయించిన 'పెట్టుబడి' మూడో సంపుటంలో ఆఖరి అధ్యాయం వర్గాల గురించే. కూలీలు, పెట్టుబడిదారులు, భూస్వాములు అని మూడు పెద్ద వర్గాలు చెప్పి, ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందన్నదే కొలత అయితే వైద్యులు, అధికారులు కూడా వేర్వేరు వర్గాలు కావాలి కదా అని అడుగుతాడు. ఆ వెంటనే రాతప్రతి ఆగిపోతుంది. వర్గం గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆలోచించిన మనిషి వర్గం అంటే ఏమిటో పూర్తిగా రాయకుండానే వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన వాదనల్లో సగం ఆ ఖాళీ పూరించడానికే వచ్చాయని నా అభిప్రాయం.

అన్నదమ్ముల మధ్య గీత

తాత ముగ్గురు పిల్లల్లో ఒక్కరినే పెద్ద చదువు చదివించగలిగాడు. పెద్దకొడుకు కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివాడు. నాన్న ఎనిమిదో తరగతితో మానేశాడు. మేనత్తను అయిదో తరగతి దాటనివ్వలేదు. పెదనాన్నకు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి నుంచి కాల్ లెటర్ వచ్చింది, పర్మనెంట్ అయ్యాడు. కొన్నేళ్లకు నాన్న కూడా అదే గేటులోంచి లోపలికి వెళ్లాడు, కాకపోతే కాంట్రాక్టరు తీసిచ్చిన గేట్ పాస్‌తో. పాస్ గడువు అయిపోతే మళ్లీ కాంట్రాక్టరు దయ. కాంట్రాక్టు చేతులు మారితే కొత్తవాడి దగ్గర మళ్లీ మొదటి నుంచి సర్వీసు. ఇద్దరూ ఒకే షెడ్డులో, ఒకే ప్లేట్ల మీద, ఒకే షిఫ్టులో పనిచేసిన రోజులున్నాయి. పెదనాన్న బిగించేవాడు, నాన్న గ్రైండింగ్ పట్టేవాడు. పెదనాన్న ఫోర్‌మన్ అయ్యాక ఆయన సెక్షన్‌కు ఎంతమంది కాంట్రాక్టు మనుషులు కావాలో రాసిచ్చే కాగితం మీద సంతకం ఆయనదే. ఆ లెక్కలో తమ్ముడు కూడా ఉండేవాడు.

అమెరికన్ సోషియాలజిస్టు ఎరిక్ ఓలిన్ రైట్ సరిగ్గా ఇలాంటి స్థానాల గురించే ఆలోచించాడు. యజమాని కాదు, కానీ ఇంకొకరి పని మీద అజమాయిషీ ఉంది. పైనుంచి చూస్తే కార్మికుడు, కింద నుంచి చూస్తే యాజమాన్యం. వీటికి ఆయన పెట్టిన పేరు వైరుధ్య వర్గ స్థానాలు. ఫోర్‌మన్ తిట్టే తిట్లు యాజమాన్యం తరఫున, చేసే సమ్మె కార్మికుల తరఫున. పెదనాన్న రెండూ చేశాడు, రెండూ మనసుపెట్టే చేశాడు. ఆయన్ను చెడ్డవాడిగా చూపించకుండా ఆయన ఉన్న చోటును అర్థం చేసుకునే వీలు ఇచ్చినందుకు నాకు రైట్ అంటే గౌరవం.

అయితే విశాఖ లాంటి ఊరికి ఇంకా దగ్గరగా వచ్చినవాడు బ్రిటిష్ ఆంత్రోపాలజిస్టు జొనాథన్ ప్యారీ. భిలాయ్ ఉక్కు నగరంలో ఏళ్ల తరబడి ఉండి, 2020లో పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. పర్మనెంట్ కార్మికులు, కాంట్రాక్టు కార్మికులు ఒకే కార్మికవర్గంలోని రెండు మెట్లు కారనీ, బతుకు తీరులోనూ ప్రయోజనాల్లోనూ రెండు వేరు వర్గాలుగా విడిపోయారనీ ఆయన వాదన. జీతంలో తేడా ఒక్కటే కాదు. ఇళ్లు ఎక్కడ కట్టుకుంటారు, పిల్లల్ని ఎక్కడ చదివిస్తారు, సంబంధాలు ఎవరితో కలుపుకుంటారు, రేపటి గురించి ఎంత దూరం ఆలోచించగలరు, అన్నీ వేరు. ఈ ఆఖరిదే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. పెదనాన్న పీఎఫ్ లోను పెట్టి పదేళ్ల ముందు చూపుతో స్థలం కొన్నాడు. నాన్నకు ముందుచూపు లేక కాదు. పాస్ గడువు ఎంతవరకో అంతవరకే ఆయన చూడగలిగేవాడు.

ఈ గీత దానంతట అదే పడలేదు. చట్టం గీసిన గీత అది. శాశ్వతంగా జరిగే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తూ 1970లో ఒక చట్టం వచ్చింది. నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులను దానంతట అదే సంస్థలోకి తీసుకోవాల్సిన పనిలేదని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు వచ్చిన నాటికి నాన్న చేతిలో ఇంకా పాస్ ఉంది, ఆశ కూడా ఉంది. తాత కాలంలోనూ ఇలాంటి గీతే ఉండేది. 1948 చట్టం వల్ల రేవు కార్మికులకు రిజిస్టర్లు వచ్చాయి. పేరు ఎక్కినవాడికి పని హామీ, ఎక్కనివాడికి ఏ రోజుకారోజు. తాత పేరు ఆ రిజిస్టర్లోకి ఎక్కలేదు.

తలుపు మూసే పద్ధతులు

జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ దీన్ని ఇంకోవైపు నుంచి చూశాడు. ఆయన పోయాక 1922లో వచ్చిన రచనలో వర్గం, హోదా, పార్టీ అని మూడు వేరు చేస్తాడు. వర్గం అంటే బజారులో మనకు దక్కే అవకాశాలు. హోదా అంటే నలుగురిలో మనకు దొరికే మర్యాద, మనం ఎవరితో కంచం పొత్తు, మంచం పొత్తు పెట్టుకోగలం అన్నది. ఏ గుంపైనా తన అవకాశాలను కాపాడుకోవడానికి బయటివాళ్లకు తలుపు మూస్తుందని కూడా ఆయన చెప్పాడు. ఆ ఆలోచనను 1979లో బ్రిటిష్ సోషియాలజిస్టు ఫ్రాంక్ పార్కిన్ విస్తరించాడు. సర్టిఫికెట్టు ఒక తలుపు, యూనియన్ సభ్యత్వం ఒక తలుపు, కులం ఒక తలుపు.

మా మేనత్త అత్తవారు అగనంపూడి వైపు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు లేచిపోయినప్పుడు వాళ్ల ఊరూ పోయింది. 1966లో రాష్ట్రమంతా ప్రాణాలకు తెగించి పోరాడి, తర్వాత సాధించుకున్న ఫ్యాక్టరీ అది. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు ఆ ప్రాంతంలో ఆస్తి లాంటిది. ఆ కార్డు మీద ఉద్యోగం వచ్చిన ఇల్లు ఒక దారి పట్టింది, రాని ఇల్లు ఇంకో దారి పట్టింది. పక్కపక్క గుమ్మాలు, ఒకే రకం పెంకుటిళ్లు, ఒకే రోజు పోయిన పొలాలు. పార్కిన్ చెప్పిన తలుపు కాగితం రూపంలో కనిపించేది ఇక్కడే. ఇంకో విషయం కూడా మర్చిపోకూడదు. పొలం పరిహారం దక్కాలంటే ముందు పొలం ఉండాలి. ఆ పొలాల్లో కూలికి వచ్చే దళిత కుటుంబాలకు అలా అడగడానికి సెంటు భూమి లేదు.

కులం లేకుండా వర్గం గురించి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. అంబేడ్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో కులాన్ని తలుపులు మూసుకున్న వర్గంగా వర్ణించాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1936లో, కులం శ్రమను మాత్రమే విభజించదనీ శ్రామికులను కూడా ఒకరి కింద ఒకరుగా విభజిస్తుందనీ రాశాడు. మాది బీసీ కులం. తాత కళాసీ గుంపులో చేరగలిగింది మేస్త్రీ మా కులస్థుడు కాబట్టి. డాలస్ అన్నయ్య హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకున్న రోజుల్లో ఉన్నది మా వాళ్ల గదిలోనే. మా ఇంట్లో కష్టపడి పైకొచ్చాం అనే మాటలో కష్టం నిజమే. కానీ మాకు మేస్త్రీ ఉన్నాడు, గది ఉంది. మా కంటే కింద నిలబెట్టిన కులాలవాళ్లు అంతే కష్టపడినా ఆ రెండూ వాళ్లకు లేవు.

కష్టపడి పైకొచ్చాం అన్నదానికి సంబంధించి ఇంకొక్క మాట. బ్రిటన్‌లో మనుషులు ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి ఎలా మారతారన్న దాని మీద పనిచేసిన సోషియాలజిస్టు జాన్ గోల్డ్‌థార్ప్ రెండు విషయాలు వేరు చేశాడు. పైన ఖాళీలు పెరిగినందువల్ల జనం పైకి వెళ్లడం ఒకటి. ఉన్న ఖాళీలకు అందరికీ సమానంగా అవకాశం దొరకడం ఇంకొకటి. విశాఖలో మొదటిది భారీగా జరిగింది. 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, 1966లో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ (బీహెచ్‌పీవీ), తర్వాత జింక్ స్మెల్టరు, ఉక్కు ఫ్యాక్టరీ. సగం శతాబ్దంలో ఈ ఊళ్లో కూర్చోవడానికి అన్ని కుర్చీలు కొత్తగా వచ్చాయి. పెదనాన్న కూర్చున్నది అందులో ఒకటి. రెండోది జరిగిందని చెప్పడానికి మా ఇంట్లో సాక్ష్యం లేదు. ఉంటే అన్నదమ్ములిద్దరికీ కుర్చీ దొరికేది.

పిల్లల దగ్గర బయటపడినవి

డబ్బు ఒక్కటే కాదు, చదువు, మాట తీరు, అలవాట్లు, పరిచయాలు కూడా పెట్టుబడే అన్నది ఫ్రెంచ్ సోషియాలజిస్టు పియర్ బూర్దియూ వాదన. 1979లో వచ్చిన పుస్తకంలో మనుషుల అభిరుచులు కూడా వర్గాన్ని బట్టే ఏర్పడతాయని చూపించాడు. ఈ పెట్టుబడి పిల్లలకు తెలియకుండానే వారసత్వంగా అందుతుంది, అందినవాడు దాన్ని తన తెలివి అనుకుంటాడు.

అన్నయ్య టౌన్‌షిప్ స్కూల్లో చదివాడు. పక్క క్వార్టర్లలో ఒడియావాళ్లు, బెంగాలీవాళ్లు ఉండేవారు కాబట్టి ఆటల్లోనే హిందీ, ఇంగ్లీషు వచ్చేశాయి. ఇంజనీర్ల పిల్లలు ఏ పరీక్ష రాస్తే వీడూ ఆ పరీక్ష రాశాడు. ఫారం ఎప్పుడు వస్తుందో, ఏ బ్రాంచి మంచిదో, ద్వారకానగర్‌లో ఏ కోచింగ్‌లో చేరాలో సాయంత్రం షటిల్ ఆడేచోట తెలిసిపోయేవి. నేను గాజువాకలో తెలుగు మీడియం. మార్కులు అన్నయ్యకంటే నాకే ఎక్కువ వచ్చేవి. పది తర్వాత ఏం చేయాలో చెప్పే మనిషి మాకు లేడు. నాన్నకు నా మీద ప్రేమ తక్కువై కాదు, ఆయనకు తెలిసిన లోకంలో ఆ సమాచారం తిరిగేది కాదు.

బూర్దియూ హాబిటస్ అన్నది ఒంటికి పట్టిన వర్గం. నాన్న ఈ రోజుకీ బ్యాంకులో మేనేజరు ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోడు. కూర్చోమన్నా అంచు మీద కూర్చుంటాడు. డాక్టరు దగ్గర తన జబ్బు గురించి సగమే చెప్తాడు. టైం తీసుకుంటున్నానేమో అని టెన్షన్. పెదనాన్న అదే డాక్టరుతో ఎదురు ప్రశ్నలు వేసి, రిపోర్టు కాపీ అడిగి తెచ్చుకుంటాడు. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు, ఒకే పోర్టు పాకలో పెరిగారు. ముప్పై ఏళ్ల ఉద్యోగం ఒకరి నడుము నిలబెట్టింది, ముప్పై ఏళ్ల కాంట్రాక్టు ఇంకొకరి నడుము వంచింది. ఈ తేడా వైద్యంలో, లోనులో, పిల్లల చదువులో ఏటా లెక్కకు వస్తుంది.

ఇక నేను. బూర్దియూ లెక్కలో నా దగ్గర చదువు పెట్టుబడి ఉంది, డబ్బు పెట్టుబడి లేదు. గోల్డ్‌థార్ప్ ఉద్యోగాలను బట్టి వేసిన వర్గాల పట్టికలో లెక్చరర్ అంటే పై మెట్టు, ఎందుకంటే దాని వెనుక స్థిరమైన ఉద్యోగం, ప్రమోషన్లు, నమ్మకం ఉంటాయని ఆయన లెక్క. నాది చెప్పిన గంటకు డబ్బు, వేసవిలో సున్నా. చెప్పేది సోషియాలజీ అయినా, లెక్క నాన్న గేట్ పాస్ లెక్కే. పెళ్లి సంబంధాలవాళ్లకు నా డిగ్రీలు నచ్చుతాయి, జీతం చెప్పాక ఫోన్లు ఆగిపోతాయి. హోదా, వర్గం రెండూ వేరని వెబర్ చెప్పినదాన్ని నేను పుస్తకం చూడకుండా చెప్పగలను.

అమ్మ ఏ వర్గం?

చాలా కాలం వర్గ సిద్ధాంతాలు ఇంటి యజమాని ఉద్యోగాన్నే ఇంటి వర్గంగా తీసుకున్నాయి. ఇది మేధావుల లింగ వివక్ష అని అమెరికన్ సోషియాలజిస్టు జోన్ ఆకర్ 1973లోనే సూటిగా రాసింది. గోల్డ్‌థార్ప్ 1983లో పాత పద్ధతినే సమర్థించాడు. భార్యల పని తరచూ భర్త స్థితిని బట్టే నడుస్తుంది కాబట్టి కుటుంబాన్నే ఒక ముక్కగా కొలవాలి అన్నాడు. ఈ విషయంలో నేను ఆకర్ పక్షం. నాన్నకు పాస్ లేని నెలల్లో ఇల్లు నడిచింది అమ్మ జాకెట్లు కుట్టిన డబ్బుతో, గ్రూపులో తీసిన లోనుతో. కాంట్రాక్టరు అంత తక్కువకు నాన్నను పెట్టుకోగలిగాడంటే మిగతా ఖర్చు అమ్మ మిషను భరించింది కాబట్టే. ఇంటి యజమాని ఉద్యోగాన్ని మాత్రమే రాసుకునే పట్టికలో ఈ శ్రమ ఎక్కడా కనిపించదు.

పెద్దమ్మ సంగతి ఇంకో రకం. ఆవిడ పాతికేళ్లు మంచి క్వార్టర్లో, మంచి ఆస్పత్రి సౌకర్యంతో బతికింది. అందులో ఆవిడ పేర ఏదీ లేదు. పెదనాన్న రిటైరైన నెలల్లో క్వార్టరు అప్పగించాల్సి వచ్చింది, ఇరుగుపొరుగు పోయారు, ఆవిడ లేడీస్ క్లబ్బు పోయింది. సౌకర్యాలన్నీ భర్త ఉద్యోగంతో వచ్చి దానితోనే వెళ్లిపోయాయి. డబ్బు తక్కువైనా అమ్మకు తన సంపాదన మీద మాట చెల్లేది. ఇద్దరిలో ఎవరు మెరుగు అని నన్ను అడిగితే ఒక్క మాటలో చెప్పలేను.

స్థలం తెచ్చిన చిక్కు

తాత ఊళ్లో మిగిలిన అరెకరం అమ్మి గాజువాకలో 120 గజాల స్థలం కొన్నాడు. పెదనాన్నకు క్వార్టరు ఉంది కాబట్టి తన వాటా తమ్ముడికి వదిలేశాడు. అన్నగా చేసిన మంచి పని అది, కాగితాలూ అడగలేదు. తర్వాత ఊరు పెరిగింది, ధర పెరిగింది. నాన్న జీవితమంతా సంపాదించిన కూలి మొత్తం కలిపినా ఇప్పుడు ఆ స్థలం ధరకు చాలదు. ఆడ్కిన్స్, కూపర్, కోనింగ్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2020లో వాదించింది ఇదే. ఇప్పుడు వర్గాన్ని తేల్చేది ఉద్యోగం కంటే ఆస్తి, ముఖ్యంగా ఇల్లు. అది సిడ్నీ నగరాన్ని దగ్గర పెట్టుకుని చెప్పిన మాట, గాజువాకకూ సరిపోతుంది.

నాన్న లోను తీసుకుని పైన రెండు పోర్షన్లు వేశాడు. వాటిలో అద్దెకు ఉండేది కాంట్రాక్టు కార్మికులే. ఒకరు పాలకొండ వైపు నుంచి, ఒకరు ఒడిశా నుంచి. జీవితమంతా కాంట్రాక్టు కూలిగా ఉన్న మనిషి ఇప్పుడు కాంట్రాక్టు కూలీల అద్దె మీద బతుకుతున్నాడు. మార్క్స్ సగంలో వదిలేసిన ఆ అధ్యాయంలోని కూలి, అద్దె రెండూ మా ఇంటి మెట్ల మీద ఎదురుపడతాయి.

2025లో ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుల తొలగింపులకు వ్యతిరేకంగా సమ్మె జరిగిన రోజుల్లో పారిశ్రామిక ప్రాంతమంతా అదే మాట. మా పోర్షన్లో ఉండే ఒకాయనకూ వేరే చోట పని పోయింది. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. అద్దె ఆగింది. నాన్నకు బ్యాంకు వాయిదా ఆగదు. ఆయన మొదట ఖాళీ చేయమనే అన్నాడు. "నీకు పాస్ లేనప్పుడు మనల్ని ఎవరైనా ఖాళీ చేయమన్నారా? సొంత గుమ్మం ఉంది కాబట్టి గడిచింది కదా" అని అమ్మ అంది. నాన్న పెదనాన్నకు ఫోన్ చేసి ఆ నెల వాయిదాకు డబ్బు అడిగాడు, ఆయన ఇచ్చాడు. పైన ఉన్నాయన మూడు నెలలు అద్దె లేకుండా ఉండి, అచ్యుతాపురంలో పని దొరికాక కొద్దికొద్దిగా కడుతున్నాడు. అద్దె పెంచాలా వద్దా అన్న వాదన మాత్రం మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. బ్యాంకు వాయిదా పెరిగిందని నాన్న, ఆయన కూలి పెరగలేదని అమ్మ.